కప్ప మీద కాణిపాకం ప్రమాణం

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. సెలవు దొరికితే కప్పల కోసం తిరుగుతాను. ఏ కప్ప ఎక్కడ, ఏ వేళ కనిపించిందో రాసిపెట్టే చిన్న బృందం మాది. ఎవరైనా వాట్సాప్‌లో ఫోటో పంపితే అది ఏ జాతిదో తేల్చి చెప్పే పని నాకు అప్పగించారు. నాలుగేళ్ల క్రితం ఒకాయన తలకోన దగ్గర తీశానంటూ పచ్చటి చెట్టు కప్ప ఫోటో పంపాడు. ఇలాంటిది మన వైపు ఎవరూ చూడలేదని నేను ఊరూవాడా చాటాను. తీరా చూస్తే అది ఆయన బావమరిది కర్ణాటక కొండల్లో తీసిన ఫోటో. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అసలే నాది అనుమానపు బుద్ధి, ఆ తర్వాత బాగా ముదిరింది. ఇప్పుడు ఎవరు ఫోటో పంపినా ముందు కప్పను చూడను, దాని వెనకున్న గోడను చూస్తాను.

అలాంటి నాకు ఆగస్టు చివర్లో ఒక గురువారం పొద్దున రెండు ఫోటోలు వచ్చాయి. పంపిన మనిషి పేరు మునిరత్నం, బంగారుపాళ్యం పక్కన మామిడి తోట అని ఉంది. ఒక ఫోటోలో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్న కప్ప సిమెంటు గోడకు అతుక్కుని ఉంది. రెండో ఫోటోలో అదే గోడ మీద ముదురు గోధుమ రంగు కప్ప, ఒంటి నిండా మచ్చలు. కింద ఇలా రాసి ఉంది: "నల్లది తెల్లారే పొద్దుకు కనపడతాది. తెల్లది మధ్యాన్నం. రెండూ ఒక్కసారి ఎప్పుడూ కనపడలేదు. ఇవి ఏ జాతో సోమవారం లోపల తెలియాల. లేకుంటే తోట పోతాది."

కప్ప జాతి తెలియకపోతే తోట పోవడం ఏమిటి? ఫోన్ చేశాను, కట్ చేశారు. మళ్లీ చేశాను, మళ్లీ కట్ చేశారు. ఇదేదో మోసమని నాకు రూఢి అయిపోయింది. కానీ "రెండూ ఒక్కసారి ఎప్పుడూ కనపడలేదు" అన్న వాక్యం రెండు రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మోసం చేసేవాడు అంత శ్రద్ధగా చూడడు. శనివారం వస్తున్నానని మెసేజ్ పెట్టాను. "రండి" అని ఒక్క మాట జవాబు వచ్చింది.

శనివారం ఉదయం ఆరుంబావుకు తిరుపతి బస్టాండులో పాకాల మీదుగా చిత్తూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, మగవాళ్లకు వంద దాటుతుంది. ఊరికే వచ్చేది ఏదైనా నాకు అనుమానమే కాబట్టి కండక్టర్ ఇచ్చిన సున్నా టికెట్టును రెండుసార్లు చదువుకుని పర్సులో పెట్టుకున్నాను. పాకాల దాటాక నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. కాణిపాకం వెళుతోందట. మోటారు వైరు పోయిందని ఊళ్లో ఒకతని మీద నింద పడింది, అతను ఈ రోజు ప్రమాణం చేస్తాడు, చూడడానికి వెళుతున్నానని చెప్పింది. బయటి నుంచి వచ్చేవాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మా జిల్లాలో ఎంత పెద్ద తగువైనా చివరికి కాణిపాకం వినాయకుడి దగ్గర తేలుతుంది. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదని నమ్మకం. అతను తీసి ఉంటాడా అని నేనడిగితే, ఆమె నా వైపు జాలిగా చూసి, తీసినోళ్లు గుడిదాకా రారు, కాణిపాకం మలుపులోనే ఒప్పుకుంటారు అంది.

ఎనిమిదిన్నరకు చిత్తూరు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, పలమనేరు బస్సెక్కి, తొమ్మిదిన్నర దాటాక బంగారుపాళ్యంలో దిగాను. అక్కడినుంచి తోటకు ఎనిమిది కిలోమీటర్లు. ఆటో అతను మూడువందలు అడిగాడు, రెండువందలకు కుదిరింది. హైవే వదిలి లోపలికి తిరిగాక, రోడ్డుకు రెండు పక్కలా కొట్టేసిన మామిడి మొద్దులు కనిపించడం మొదలైంది. కొన్ని చోట్ల రంపపు పొట్టు ఇంకా తాజాగా ఉంది. తోతాపురి కాయకు ధర లేదట, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజులు రోజులు నిలబడ్డాయట, కాయ కోసిన కూలి కూడా రాలేదట. అన్నీ చెబుతూనే అతను అద్దంలోంచి నన్ను కొలుస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"సర్వేకి వచ్చినారా మేడమ్?"

కాదు, కప్పను చూడడానికి అన్నాను. అతను నవ్వలేదు. ఆటో కాస్త నెమ్మది చేశాడు.

"మునిరత్నమన్న దగ్గరికా? అయితే మీరే కొనేవాళ్లా?"

ఎవరు ఏమి కొంటున్నారని అడిగితే, నాకేమి తెలుసు, ఊళ్లో అనుకుంటా ఉంటే విన్నానని మాట తప్పించాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఫోన్ చేస్తే వస్తానని నంబరిచ్చాడు. ఇతనికీ ఆ కప్పల సంగతికీ ఏదో ముడి ఉందని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. తర్వాత తెలిసింది, ఏమీ లేదు.

తోట బాగుంది. వయసొచ్చిన చెట్లు, వరసలు తీర్చి ఉన్నాయి. మధ్యలో రెండు గదుల ఇల్లు, దాని పక్కన బోరు, మోటారు గది, సిమెంటు నీళ్ల తొట్టి. మునిరత్నానికి యాభై ఐదు దాకా ఉంటాయి, భుజాన టవలు, చేతిలో ఫోన్. ఆయన భార్య తొట్టి దగ్గర గిన్నెలు తోముతూ ఉంది. నన్ను చూసి చేతులు కడుక్కుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, మాట్లాడకుండా మళ్లీ వెళ్లిపోయింది. కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, లెటర్‌ప్యాడు తెచ్చారా అని. సీలు కూడా ఉంటే మంచిదన్నాడు. నేను వాళ్ల మెసేజ్ సంగతి ఎత్తి, రెండూ ఒక్కసారి కనిపించవని రాశారే అన్నాను. ఆయన కళ్లు మిటకరించాడు. నేనట్ల రాసినానా అని తనను తానే ప్రశ్నించుకున్నట్టు అన్నాడు. తన ఫోన్లోంచి వెళ్లిన మాట తనకే తెలియదు. నేను బ్యాగును కాళ్ల దగ్గరికి లాక్కున్నాను.

కాస్త టీ పడ్డాక సంగతంతా బయటికి వచ్చింది. మూడు వారాల కిందట కారులో ఒకాయన వచ్చాడట. మామిడి కాయ చూడడానికి వచ్చానంటూ మోటారు గది గోడ మీద తెల్ల కప్పను చూసి ఆగిపోయాడట. ఇది మామూలు కప్ప కాదు, విదేశాల్లో మందుల కంపెనీలు లక్షలు పోసి కొంటాయి అన్నాడట. కాకపోతే కొనే ముందు మిషను పెట్టి పరీక్ష చేయాలి, ఆ పరీక్ష ఖర్చు అమ్మేవాళ్లే పెట్టుకోవాలి. మునిరత్నం దగ్గర అంత డబ్బు లేదు. అందుకని అరవై చెట్లు కట్టెల వ్యాపారికి బేరం పెట్టాడు. సోమవారం రంపం వస్తుంది. ఇప్పుడు తిరుపతి మేడమ్ వచ్చి ఇది అరుదైన జాతి అని కాగితం ఇస్తే కప్ప రేటు ఇంకా పెరుగుతుందని ఆయన ఆశ. రెండు తలల పాము, ఇరవై గోళ్ల తాబేలు అంటూ మా వైపు ఎంతమంది మునిగారో చెప్పాను. అడవి ప్రాణులను అమ్మితే జైలని కూడా చెప్పాను. మునిరత్నం విన్నాడు, తల ఊపాడు. నేను కప్ప రేటు తగ్గించడానికి ఎవరో పంపిన మనిషినేమో అన్నట్టు చూశాడు.

కప్పను చూపించమన్నాను. లోపలి గది కిటికీలో, వెలుతురు బాగా పడే చోట, బిస్కెట్లు అమ్మే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూతకు రంధ్రాలు, అడుగున తెల్ల గుడ్డ. తెల్ల కప్పను నిన్ననే పట్టారట. పట్టాక అలాగే ఉంచమని కారాయన చెప్పాడట, చీకట్లో పెడితే దాని పవర్ దిగిపోతుందని. ఆ మాట వినగానే నాకు అసలు సంగతి అర్థమైంది. ఆ మనిషికి కప్పల గురించి నాకు తెలిసినంతా తెలుసు.

చేతులు తడుపుకుని దాన్ని బయటికి తీశాను. పొడి చేతులతో పట్టుకుంటే వాటి చర్మం దెబ్బతింటుంది. అరచేతిలో సగానికి పైగా వచ్చే ఆడ కప్ప. వేళ్ల చివర గుండ్రటి పట్టుబిళ్లలు, కంటి వెనక చెవి మీదుగా సాగిన ముదురు చార. వెనక కాలు మెల్లగా చాచితే తొడ వెనక, కూర్చున్నప్పుడు కనపడని చోట, నల్లటి నేల మీద పసుపుపచ్చ చుక్కలు. ఆ చుక్కలే దీని ముద్ర. ఒళ్లు ఏ రంగుకు తిరిగినా అవి పోవు. పాలిపెడేట్స్ మాక్యులేటస్. మన దేశంలో చాలా ఊళ్లలో బాత్రూముల్లో, తొట్ల పక్కన కనిపించే మామూలు చెట్టు కప్ప. నీళ్ల పైన కొమ్మకో గోడకో నురుగు గూడు కట్టి గుడ్లు పెట్టేది ఇదే. తొట్టి అంచున ఎండిపోయిన అలాంటి గూడు ఒకటి కనిపిస్తూనే ఉంది. ఎండ వేళ వెలుతురులో తెల్లబడుతుంది, తడిలో చీకట్లో ముదురుతుంది. మీ తెల్ల కప్పా నల్ల కప్పా ఒకటేనని మునిరత్నానికి చెప్పాను.

ఆయన నమ్మలేదు. నమ్ముతాడని నేనూ అనుకోలేదు. మామూలు కప్ప నల్లగా ఉంటుంది, ఇది తెల్లగా ఉంది, కళ్ల ముందే కనపడుతున్నప్పుడు చదువెందుకు అన్నాడు. చూపిస్తానన్నాను. ఒక కుండ అడిగి, లోపల తడి గోనె పరిచి, కప్పను అందులో పెట్టి, మూత మీద రాయి పెట్టి మోటారు గదిలో ఉంచాం. అప్పుడు పదకొండూ నలభై.

భోజనానికి కూర్చోబెట్టారు. రాగి సంగటి, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి, వంకాయ పులుసు. వంట గురించి నాకు ఏ అనుమానమూ లేదు, రెండోసారి వడ్డించుకున్నాను. కానీ మధ్యలో మునిరత్నం భార్య లేచి మోటారు గదిలోకి వెళ్లి, ఒక నిమిషం ఉండి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నేను చూశాను. ఏమీ మాట్లాడని మనిషి, తలుపు చాటున అన్నీ వింటున్న మనిషి. కారాయన మనిషి ఈమేనేమో, భర్తకు తెలియకుండా ఫోన్ వాడుతున్నది కూడా ఈమేనేమో అని నాకు తట్టింది. రెండో మాట నిజమేనని తర్వాత తెలిసింది.

ఒంటిగంటకు ముగ్గురం వెళ్లి మూత తీశాం. లోపల తడి గోనె మీద ముదురు గోధుమ రంగు కప్ప కూర్చుని ఉంది. వెన్ను మీద మచ్చలు స్పష్టంగా తేలాయి. నేను గర్వంగా మునిరత్నం వైపు చూశాను. ఆయన ముఖం మాడిపోయింది.

"నా కప్ప యాడ?"

ఇదే అన్నాను. ఆయన నా బ్యాగు వైపు చూశాడు. నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నేను మార్చేశానంటున్నాడు. లక్షల కప్పను కాజేసి గోడ మీది నల్లదాన్ని పెట్టానంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కంగారుగా బ్యాగు తెరిచి, టార్చీ, నోటుబుక్కు, నీళ్ల సీసా, చున్నీ అన్నీ నేల మీద పరిచాను. పొద్దున్నుంచీ అందరినీ అనుమానించిన మనిషిని నేను. నన్ను ఒకరు అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆ తోటలో తెలిసింది. ఒళ్లు మండిపోయింది. తొడ చుక్కలను కుండలో పెట్టే ముందే ఫోటో తీసి ఉంచాను, ఇప్పటి చుక్కలతో పోల్చి చూపించాను. ఫోన్లో ఎట్ల కావాలంటే అట్ల మార్చచ్చునంట గదా అన్నాడు. నేను నలుగురికి చెప్పే మాటే అది.

"కాణిపాకం వస్తారా మేడమ్? కోనేట్లో మునిగి, నేను మార్చలేదని స్వామి ముందర సెప్తారా?"

ఇప్పుడే పదమన్నాను. ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పి చివరికి ఒక కప్ప కోసం తడిబట్టలతో నిలబడాల్సి వచ్చిందే అనిపించింది. అయినా అన్నాను. ఆయన అది ఊహించలేదు. టవలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అప్పుడు ఆయన భార్య మొదటిసారి నోరు విప్పింది.

"ఆమెనెందుకు తీసకపోతావు? నన్ను తీసకపో. తెల్లదీ నల్లదీ ఒకటే అని నేను మునిగి సెప్తా. తెల్లారి గిన్నెలు తోమేటప్పుడు నల్లగా ఉంటాది, పొద్దెక్కే కొద్దీ తెల్లబడతాది, దినామూ సూస్తా ఉండా. మూడుసార్లు నీకు సెప్పినాను. నీకేమి తెలుసు అంటివి."

గొంతు పెంచలేదు. కానీ ఆ మాట బరువు మా ప్రాంతం వాళ్లకు తెలుస్తుంది. పరాయి మనిషిని ప్రమాణానికి పిలవడం వేరు. కట్టుకున్న భార్యను కోనేట్లో ముంచి నిజం చెప్పమనడమంటే, ఇన్నేళ్లూ ఆమెను అబద్ధాలకోరుగా చూశానని నలుగురిలో ఒప్పుకోవడమే. ఊరు పదేళ్లు చెప్పుకుంటుంది. మునిరత్నం ఆమె వైపు చూసి, నా వైపు చూసి, కుండ వైపు చూశాడు. కాసేపటికి తొట్టి దగ్గరికి వెళ్లి, నేను చేసినట్టే చేతులు తడుపుకుని వచ్చి, ఆ గోధుమ రంగు కప్పను తనే పట్టుకున్నాడు. తెల్ల గుడ్డ మీద, అదే బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. ఎండ సూటిగా పడితే చచ్చిపోతుందంటే, వసారాలో నీడగా వెలుతురుగా ఉన్న అరుగు మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరూ దీని దగ్గరికి రావద్దన్నాడు.

నేనూ పక్కనే కూర్చున్నాను. నాకు ఆయన మీద నమ్మకం లేదు, నేను అటు తిరిగితే ఆయనే ఇంకేదో చేస్తాడని. ఆయనకు నా మీద లేదు. ఒంటిగంటా ఇరవై నుంచి ఇద్దరం ఒక మామూలు కప్పకు కాపలా కాశాం. మధ్యలో ఆమె టీ తెచ్చి పెట్టింది. ఇద్దరం డబ్బా మీంచి కళ్లు తిప్పకుండా గ్లాసుల కోసం చేత్తో తడుముకున్నాం. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మొదటి అరగంట ఏమీ జరగలేదు. తర్వాత వెన్ను మీది మచ్చల అంచులు పలచబడ్డాయి. ఆ తర్వాత కాళ్లు, ఆ తర్వాత పక్కలు. ఏ క్షణంలో మారిందో చెప్పలేం, కానీ రెండుముప్పావుకు అది గోధుమ రంగులో లేదు. మూడుంబావుకు సున్నం కొట్టినట్టు తెల్లగా, మొదటి ఫోటోలో ఉన్నట్టే కూర్చుని ఉంది.

మునిరత్నం డబ్బా అడుగున ఉన్న గుడ్డను చూశాడు. తర్వాత, ఆ కారాయన తెల్లగుడ్డ ఎందుకు పెట్టమన్నాడో ఇప్పుడు తెలిసిందని మెల్లగా అన్నాడు. నన్ను క్షమించమని అనలేదు, నేనూ ఆశించలేదు. జేబులోంచి ఫోన్ తీసి భార్య చేతికిచ్చాడు.

"కట్టెలాయనకు సెయ్యి. సోమవారం రావద్దని సెప్పు. నువ్వే సెప్పు."

ఆమె వసారా చివరకు వెళ్లి మాట్లాడింది. అవతలి మనిషి ఎందుకని అడిగినట్టుంది. మా చెట్లు మేము కొట్టుకోము అని మాత్రం చెప్పింది. మునిరత్నం డబ్బాను తొట్టి దాకా మోసుకెళ్లి గోడ మీద వంచాడు. కప్ప రెండు గంతులేసి మోటారు గది చూరు కిందికి పోయింది. ధర అట్లనే ఉండాది మేడమ్, ఈ ఏటికి నిలబడినాయి, వచ్చే ఏడు సంగతి నేను సెప్పలేను అన్నాడు. ఆ మాట నేను అనుమానించలేదు.

ఆటోకు ఫోన్ చేశాక ఆమె నాతో రోడ్డు దాకా వచ్చింది. నేను అడగకుండానే చెప్పింది. ఫోటోలు తీసిందీ, భర్త ఫోన్లోంచి పంపిందీ తనే. కప్ప కనపడితే ఫోటో పంపమని మా బృందం అంటించిన కాగితం పాలకేంద్రం గోడ మీద చూసిందట. నేను ఫోన్ చేసినప్పుడు భర్త పక్కనే ఉంటే కట్ చేసిందట. మేడమ్ వస్తే కప్ప రేటు పెంచే కాగితం ఇస్తుందని భర్తకు చెప్పి ఒప్పించిందీ తనే. భోజనం మధ్యలో మోటారు గదిలోకి ఎందుకు వెళ్లారని అడిగేశాను. గోనె ఆరిపోతాదేమో అని నీళ్లు సల్లినాను అంది. నాకు సిగ్గేసింది. అంతా తెలిసినప్పుడు నన్నెందుకు పిలిచారంటే, ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది.

"నేను సెప్పేది ఇంటి మాట గదా అక్కా. ఈయనకు బయటోళ్లు వచ్చి సెప్పాల. కారాయన బయటోడు గాబట్టే నమ్మినాడు. అందుకే ఇంకో బయట మనిషిని పిలిపించినాను."

పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్లు ఊరికే అనలేదు. నాలుగున్నరకు బంగారుపాళ్యంలో బస్సు దొరికింది, చిత్తూరులో మారి ఎనిమిదింటికి ఇల్లు చేరాను. దారంతా నా తిక్కే తలుచుకున్నాను. ఆటో అతన్ని, మునిరత్నాన్ని, ఆయన భార్యను వరసపెట్టి అనుమానించాను. అనుమానం తప్పు కాదు, అది లేకపోతే అరవై చెట్లు పోయేవి. కానీ అనుమానించడమే చూడడమని నేను అనుకుంటూ వచ్చాను. ఆ ఇంట్లో నిజంగా చూసిన మనిషి ఎవరినీ అనుమానించలేదు, రోజూ గిన్నెలు తోముకుంటూ చూసింది, అంతే. రాత్రి మా రిజిస్టరులో వివరాలు రాశాను. జాతి, చోటు, వేళ, రంగు. "గుర్తించినవారు" అన్న గడిలో అలవాటుగా నా పేరు రాయబోయి ఆగాను. అన్నన్ని ప్రశ్నలు వేసిన దాన్ని ఆమె పేరు మాత్రం అడగలేదు. అదే నంబరుకు మెసేజ్ పెట్టాను. ఆదివారం పొద్దున జవాబు వచ్చింది, రెడ్డెమ్మ అని. ఆ గడిలో అదే రాశాను.

ఈ వైపు కప్పల కోసం వచ్చేవాళ్లకు ఒక్క మాట. వానలు మొదలయ్యాక ఎప్పుడైనా రండి, కానీ రంగు చూసి జాతి తేల్చకండి. ఫోటోతో పాటు వేళ, వెలుతురు, కప్ప కూర్చున్న చోటు రాసుకోండి. వీలైతే తొడ వెనక చుక్కలు చూడండి. ఇవన్నీ చేసేముందు ఆ నీళ్ల దగ్గర రోజూ పనిచేసే మనిషిని అడగండి. పేరు కూడా అడిగి రాసుకోండి.